నా గోళ్లు చూసిన పెద్దమ్మకి

మొన్న ఖమ్మంలో స్కిన్ డాక్టర్ ఓపీ దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమ్మా, ఏడుపు ఆపుకునే హడావిడిలో మీ పేరు కూడా అడగలేదు. అందుకే ఇక్కడ రాసి థాంక్స్ చెప్పుకుంటున్నా.

వినాయక చవితికి డెంగ్యూ వచ్చి ఆరు రోజులు హాస్పిటల్లో ఉన్నా. గండం గడిచిందనుకుంటే దీపావళి దాటాక జుట్టు రాలడం మొదలైంది. దువ్వెనకి, దిండుకి, ఆఖరికి చారులో కూడా. రోజుకి 50, 100 వెంట్రుకలు ఎవరికైనా ఊడతాయంటారు, ముద్దలు ముద్దలుగా వస్తుంటే లెక్కేం పెడతాం? పైగా బొటనవేళ్ల గోళ్ల మీద అడ్డంగా గాడి. ఏదో పెద్ద రోగమేనని నాకు నేనే ఖాయం చేసుకున్నా.

మీరు నా చెయ్యి పట్టుకుని చూసి, "మూడు నెలల కింద గట్టి జ్వరమొచ్చిందా బిడ్డా?" అన్నారు. నేనింకా ఒక్క ముక్క చెప్పలేదు! గోరు నెలకి 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుందట, గాడి ఎంత దూరం జరిగిందో చూసి చెప్పేశారు. రిటైరైన నర్సు కదా. "పానం కాపాడుకునే పనిల పడ్డ ఒళ్లు గోరును, జుట్టును పట్టించుకోదు. అప్పుడు పెరగడం ఆగిన ఎంట్రుకలే ఇప్పుడు రాలుతున్నయి" అని, నుదుటి దగ్గర మొలుస్తున్న చిన్న వెంట్రుకల్ని నా ఫోన్‌లో ఫొటో తీసి నాకే చూపించారు. అంతమందిలో ఏడ్చేశా. మీ కొంగుతోనే నా మొహం తుడిచారు. షాపులో కొనుక్కుని మింగుతున్న బయోటిన్ అనే విటమిన్ మాత్రల సంగతి ల్యాబ్‌లో చెప్పమన్నదీ మీరే, లేకపోతే థైరాయిడ్ రిపోర్ట్ తప్పు రావచ్చట.

లోపల డాక్టరు గారు? మూడు గంటలు కూర్చోబెట్టి రెండు నిమిషాలు చూశారు, తల కూడా ఎత్తలేదు. సీరం, షాంపూ కలిపి బిల్లు 3,800. ఇంటికొచ్చి వెతికితే గోళ్ల మీది ఈ గాడులకి బో గీతలని పేరే ఉంది, 1846లోనే బో అనే ఒక ఫ్రెంచ్ డాక్టర్ రాశాడు. అప్పటినుంచీ తెలిసిన విషయం డిశ్చార్జ్ రోజు ఒక్క మాట చెప్పి పంపడానికి ఏం అడ్డమొచ్చిందో!

అమ్మ, మా ఆయన సంగతి వేరే చెప్పాలా, తోడుగా ఉన్నారు.

అయ్యో, ప్లేట్‌లెట్స్ ఇచ్చిన ఇద్దరు బీటెక్ పిల్లల్ని మర్చిపోయా! పొద్దున్నే ఆరింటికి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లిన ల్యాబ్ తమ్ముడు, రోజూ రాగిజావ పంపిన పైవాటా అక్క కూడా. ఇంకెవరైనా మిగిలిపోతే తిట్టుకోకండి, కళ్లు మూతలు పడుతున్నాయి.