కానుగ చెట్టు కింద కూర్చునే తాతగారు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన పాఠశాలలో నాలుగో తరగతి చదువుతున్న ఒక పాప తాతగారు ఈ నెల మొదటి వారంలో కన్నుమూశారు. కుటుంబం కోరిక మేరకు పేరు రాయడం లేదు గాని, సాయంత్రం పిల్లల కోసం గేటు దగ్గరికి వచ్చేవారిలో ఆయనను ఎరగనివారు తక్కువ. బడి నాలుగింటికి విడిస్తే ఆయన మూడున్నరకే వచ్చి, కానుగ చెట్టు కింద కూర్చుని, ఉడకబెట్టిన చెనక్కాయలు ఒక్కొక్కటే వలిచి గింజలు స్టీలు డబ్బాలోనూ పొట్టు చేతిసంచిలోనూ వేసుకునేవారు. మనవరాలు బయటికి వచ్చేసరికి డబ్బా నిండి ఉండేది. పక్కన ఏ బిడ్డ నిలబడినా అందులో వాటా దొరికేది.

అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన ఆయన తన ఉద్యోగ జీవితమంతా చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోనే గడిపారు. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడి, వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చిన రోజుల్లో ఆయన కూడా కొండ మీదే డ్యూటీలో ఉన్నారు. పిల్లలు ఆ సంగతి అడిగితే, ఫైరింజన్ పోలేని చోట పచ్చికొమ్మలు విరిచి మంటను కొట్టామని ఒక్క మాటలో తేల్చేసేవారు. బావుల్లో పడిన ఆవుల కథలైతే మాత్రం ఎంతసేపైనా చెప్పేవారు. తాడు కడితే పశువు బరువుకు చర్మం కోసుకుపోతుందని, పాతబడిన నీళ్ల హోస్‌ను పొట్ట కింద రెండు చుట్లు వేసి పైకి లాగేవాళ్లమని, వెడల్పాటి ఆ పట్టీ కోయదని చెబుతూ, మనవరాలి స్కూలు బ్యాగుకు తువ్వాలు చుట్టి ఎత్తి చూపించేవారు.

ఇక నా తప్పు ఒకటి మీకు చెప్పుకోవాలి. మూడేళ్ల క్రితం వరకు మన వెనుక మెట్ల గ్రిల్లుకు పగలు కూడా తాళం వేయించేదాన్ని. పిల్లలు బయటికి పారిపోతారన్న భయమే అందుకు కారణం. ఆయన ఒకరోజు నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మేడమ్, నిప్పు పుట్టినాక తాళంచెవి వెతుక్కునే టైము ఉండదు" అన్నారు. నేను ఏదో సమాధానం చెప్పబోతే తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో జరిగిన అగ్నిప్రమాదం గుర్తు చేశారు. 2004 జులై 16న అక్కడి ఒక బడిలో వంటగది నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. తాళం ఆ సాయంత్రమే తీయించి, గ్రిల్లు దగ్గర ఒక ఆయమ్మను కూర్చోబెట్టాను.

తరువాత, నిప్పు అంటుకుంటే బడి నుంచి బయటపడే డ్రిల్లు కూడా ఆయనే నేర్పారు. మొదటిసారి పిల్లలందరూ మైదానంలోకి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆయన గడియారం చూసి ఏమీ అనలేదు, అదే మాకు ఎక్కువ సిగ్గనిపించింది. పొగ పైకి లేస్తుంది కాబట్టి వంగి నడవాలనీ, వంటగ్యాసు గాలికంటే బరువు కాబట్టి నేలబారున పరచుకుంటుందనీ, వాసన వస్తే స్విచ్చు వేయడం గాని ఆపడం గాని చేయకుండా ముందు తలుపులు తెరవాలనీ, మరిగే నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టాలనీ ఆయన చెప్పినవి మీ పిల్లలు ఇళ్లలో అప్పజెప్పే ఉంటారు. 101 నంబరుకు ఫోను చేసినప్పుడు ఏడవకుండా వీధి పేరు, గుర్తు చెప్పడం కూడా సాధన చేయించారు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలున్న ఓడ తగలబడినప్పుడు 66 మంది ఫైర్ సిబ్బంది మరణించారు. వారి స్మృతిగానే ఏటా ఆ రోజు నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. అంబేడ్కర్ జయంతి సెలవు కావడంతో, బడి తెరిచిన రోజు అసెంబ్లీలో ఆయన రెండు నిమిషాలు మాట్లాడేవారు. ఈసారి ఆ రెండు నిమిషాలు మనవరాలు మాట్లాడతానంది. ఇష్టం లేకపోతే మానుకోవచ్చని చెప్పాను, రాసుకుంటున్నానంది.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు డ్రిల్లు యథావిధిగా ఉంటుంది. వెనుక గేటు ముందు ద్విచక్ర వాహనాలు నిలుపుతున్నారని ఆయన నాతో చివరిగా ఫిర్యాదు చేశారు. దయచేసి ఆ రోజే కాదు, ఏ రోజూ అక్కడ బండ్లు పెట్టవద్దు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి