అసెంబ్లీలో ఆ అమ్మాయి ఎందుకు పడిపోయింది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి పరీక్షల తేదీలు, యూనిఫాం సంగతులు చివరి పేజీలో వేయించాను. మొదటి పేజీ మాత్రం పోయిన వారం అసెంబ్లీలో జరిగినదానికే ఇస్తున్నాను, ఎందుకంటే ఆ సాయంత్రం నాకు వచ్చిన ఫోన్లు చూస్తే, పిల్లల నోట పడి ఇళ్లకు చేరేసరికి విషయం గోరంత కొండంత అయిందని అర్థమైంది.

జరిగింది ఇంతే. ఏడో తరగతి అమ్మాయి ఒకతె వరసలో నిలబడింది నిలబడ్డట్టే మొహం పాలిపోయి, పెదాల రంగు తగ్గి, పక్క అమ్మాయి భుజం మీదకు ఒరిగి అలాగే కిందకి జారిపోయింది. అర నిమిషం కూడా కాలేదు, కళ్లు తెరిచి "ఏమైంది మేడం?" అని నన్నే అడిగింది. వాళ్లమ్మగారు పరుగున వచ్చారు. గేటు దాటగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "గుండెలో ఏమైనా ఉందంటారా?" డాక్టరు చూశారు, గుండె బాగానే ఉంది. ఆవిడ సరేనన్నాకే ఇదంతా రాస్తున్నాను.

తప్పు మాది కూడా ఉంది, అది ముందే ఒప్పుకుంటాను. ఆ రోజు ప్రకటనలు ఎక్కువై అసెంబ్లీ నలభై నిమిషాలు సాగింది, అందులో సగం నా ప్రసంగమే.

నేను చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, ఆవిడ ప్రశ్నకు "ఏమీ లేదమ్మా, టెన్షన్ పడకండి" అని పంపేయడం నాకు తృప్తిగా అనిపించలేదు. గుండె అనగానే మనకు నెట్టడం ఒక్కటే గుర్తొస్తుంది. నెట్టిన రక్తం తిరిగి గుండెకు ఎలా వస్తుందని ఎవరూ అడగరు. ఆ అమ్మాయి పడిపోయింది ఆ తిరుగు ప్రయాణంలో వచ్చిన చిక్కు వల్లే.

ముందు నెట్టే పని గురించి కాస్త. గుండె ఒక పంపు కాదు, ఒకే గోడకు అటూ ఇటూ ఆనుకుని ఉన్న రెండు పంపులు. ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తాన్ని కుడివైపు పంపు పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది, అక్కడ ఆక్సిజన్ నింపుకుని వచ్చిన రక్తాన్ని ఎడమవైపు పంపు తల నుంచి కాలి బొటనవేలి దాకా తోలాలి. అందుకే ఎడమ జఠరిక (రక్తాన్ని బయటికి నెట్టే కింది గది) గోడ కుడిదానికన్నా దాదాపు మూడు రెట్లు మందంగా ఉంటుంది. పెద్దవాళ్లలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ నెట్టేది సుమారు 70 మిల్లీలీటర్లు, కొట్టుకునేది నిమిషానికి సుమారు 70 సార్లు, అంటే నిమిషానికి దగ్గర దగ్గర 5 లీటర్లు. మన ఒంట్లో ఉన్న రక్తమే దాదాపు అంత. ఊరికే కూర్చున్నా నిమిషానికోసారి మొత్తం రక్తం ఒక చుట్టు తిరిగి వస్తోందన్నమాట. పిల్లల గుండె చిన్నది కాబట్టి కాస్త వేగంగా కొట్టుకుంటుంది, మీ చిన్నవాడి నాడి 90 ఉందని కంగారు పడనక్కర్లేదు. డాక్టరు స్టెతస్కోపులో వినే లబ్ డబ్ కవాటాలు మూసుకునే చప్పుడు, తలుపులు వేసినట్టు.

ఇక్కడ నా పాత కోపం ఒకటి చెప్పుకోవాలి. "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం" అని పిల్లలు వల్లెవేస్తారు, అది తప్పు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర, అంతే. ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తమే మరి. చెడు రక్తం అనేదేమీ లేదు. పుస్తకంలో బొమ్మకు నీలం రంగు వేశారని రక్తం నీలంగా ఉంటుందని రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు, ఎక్కడైనా అది ఎరుపే, సిరల్లో కాస్త ముదురు ఎరుపు. పైగా మనం వాడుకలో చేతి మీద కనిపించే సిరను "నరం" అంటాం, ఇంజెక్షన్ నరానికి ఇచ్చారంటాం. మాట అలవాటైపోయింది, మార్చలేం. కానీ నరం కబుర్లు మోసేది, సిర రక్తం మోసేది.

ఇప్పుడు అసలు విషయం. జబ్బకు పట్టీ చుట్టి 120/80 అని కొలుస్తారే, ఆ పీడనం ధమనుల్లోది. ఆ రక్తం చీలుతూ చీలుతూ కేశనాళికల్లోకి వెళ్తుంది, అవి ఎంత సన్నం అంటే ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి ఒదిగి ఒదిగి పోవాల్సిందే. అది దాటి సిరల్లోకి వచ్చేసరికి ఆ 120 కాస్తా పదికో పదిహేనుకో పడిపోతుంది. పాదం దగ్గర ఉన్న రక్తం ఆ కాస్త ఊపుతో, గుండె దాకా, నిట్టనిలువుగా పైకి ఎక్కాలి. గుండె ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు అది.

చేసేది మన పిక్కలు. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది, రక్తం పైకి లేస్తుంది. కండరం వదులైనప్పుడు అది కిందకి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు అడ్డు పడతాయి. ఊపిరి పీల్చినప్పుడు కూడా ఛాతీ లోపల పీడనం తగ్గి రక్తం పైకి లాగబడుతుంది.

ఆ కవాటాలు ఉన్నాయని మీ ఇంట్లోనే చూడొచ్చు, పిల్లలతో చేయించండి. చెయ్యి కాసేపు కిందకి వేలాడేస్తే సిరలు ఉబ్బుతాయి. అరచేతి వెనక గానీ ముంజేతి మీద గానీ బాగా కనిపించే సిరను ఒకటి ఎంచుకుని ఒక వేలితో నొక్కి పట్టండి, ఇంకో వేలితో అక్కణ్ణించి మోచేతి వైపు నిమిరి ఆ వేలు తీసేయండి. నొక్కి పట్టిన చోటు నుంచి పైన ఒక చిన్న బుడిపె దాకా సిర ఖాళీగా అణిగి ఉండిపోతుంది. పైన బోలెడు రక్తం ఉన్నా కిందకి రాదు, ఆ బుడిపె దగ్గర ఉన్నదే కవాటం. మొదటి వేలు తీయండి, కింది నుంచి చటుక్కున నిండుతుంది. నా చేతి మీద బాగా తెలుస్తుంది, పిల్లలు నా చుట్టూ మూగి మరీ చూశారు.

1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు తన పుస్తకంలో చూపించింది సరిగ్గా ఇదే. అంతవరకూ తిన్న తిండి నుంచి కాలేయం కొత్త రక్తం తయారుచేస్తూ ఉంటుంది, శరీరం వాడేసుకుంటూ ఉంటుంది అని నమ్మేవాళ్లు. హార్వే కూడిక, గుణకారం వేశాడు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎంత రక్తం, అరగంటకు ఎన్నిసార్లు కొట్టుకుంటుంది అని లెక్క కడితే ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది. అంత కొత్త రక్తం ఎక్కణ్ణించి వస్తుంది, కాబట్టి అదే రక్తం చుట్టు తిరిగి రావాలి! ధమనుల నుంచి సిరల్లోకి ఎలా దాటుతుందో మాత్రం ఆయనకు కనిపించలేదు. 1661లో మాల్పీజీ అనే ఇటలీ శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలు చూశాడు, అప్పటికి హార్వే పోయి నాలుగేళ్లు. (గుణకారం ఎందుకు మేడం అనే పిల్లలకు నేను ఈ కథే చెబుతాను.)

సరే, మన అసెంబ్లీకి వద్దాం. కదలకుండా అటెన్షన్‌లో నిలబడితే పిక్కలు పనిచేయవు. రక్తం కాళ్లలోనే నిలిచిపోవడం మొదలవుతుంది, ఎండ ఉంటే చర్మం కింది నాళాలు కూడా వెడల్పై ఇంకాస్త అక్కడే ఆగిపోతుంది. మామూలుగా అయితే మెడ ధమనుల్లో పీడనం కనిపెట్టే చోట్లు ఉంటాయి, అవి మెదడుకు చెప్పగానే నాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది, మనకు తెలియకుండానే సర్దుకుంటుంది. ఒక్కోసారి మాత్రం ఆ ఏర్పాటు తిరగబడి, గుండె వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది, నాళాలు వదులవుతాయి. మెదడుకు రక్తం చాలదు, మనిషి పడిపోతాడు. పడిపోవడమే వైద్యం కూడా, పడుకున్నాక కాళ్లూ గుండే తలా ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి రక్తం సులువుగా మెదడుకు చేరుతుంది.

అందుకే ఎవరైనా ఇలా పడితే దయచేసి లేపి కూర్చోబెట్టకండి. మనందరికీ మొదట తోచేది అదే, ఆ రోజు మా వాళ్లూ అదే చేయబోయారు. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి పెట్టండి, చుట్టూ మూగకండి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో ఏమీ పోయకండి. ఒకటి రెండు నిమిషాల్లో తెలివి రాకపోతే వెంటనే అంబులెన్స్ పిలవాలి. పరుగెత్తుతూనో ఆడుతూనో పడిపోయినా, ముందు ఛాతీలో నొప్పి గానీ గుండె దడ గానీ వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉన్నా మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, గుండె డాక్టరుకు చూపించి తీరాలి.

ఇక మేం మార్చినవి. అసెంబ్లీ ఇకపై పదిహేను నిమిషాలే, ప్రకటనలు నోటీసు బోర్డుకు వెళ్లాయి, నా ప్రసంగం మూడు నిమిషాలు దాటితే గంట కొట్టమని పదో తరగతి లీడర్‌కు చెప్పాను (సోమవారం కొట్టాడు కూడా). నిలబడ్డప్పుడు బూట్లలో వేళ్లు కదపొచ్చు, మడమలు ఎత్తి దించొచ్చు, అది క్రమశిక్షణ తప్పినట్టు కాదని పీఈటీ సార్‌కు కూడా చెప్పాను. కళ్లు మసకబారినా, చెవుల్లో హోరు వచ్చినా, చెమటలు పట్టినా అడగకుండా అక్కడే కూర్చోమన్నాం. మీరు చేయాల్సింది ఒక్కటే, పొద్దున పిల్లల్ని ఏదో ఒకటి తినిపించి, నీళ్లు తాగించి పంపండి.

ఈ లేఖతో ఒక చిన్న ఫారం వస్తోంది. మీ పిల్లలకు గుండె సమస్య గానీ, ఇంతకుముందు ఇలా పడిపోవడం గానీ, రోజూ వేసుకునే మందులు గానీ ఉంటే రాసి శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టండి, ఖాళీగా పంపితే మీరు చూశారో, వాడు బ్యాగులోంచి అసలు తీయనే లేదో మాకు తెలియదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు