ఆ గొంతులు ఎవరి సొత్తు?

సంపాదకులకు,

కాపీరైట్‌కు ఒక రచయిత కావాలి, ఒక గడువు కావాలి. తరతరాలుగా ఒక జాతి మొత్తం కాపాడుకున్న పాట ఆ కొలతలకు లొంగదు. గడువు తీరింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చంటే చట్టానికి సులువే, నష్టం మాత్రం ఆ జాతిదే.

న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీల ప్రసార సంస్థ తె హికు మీడియా వేరే దారి పట్టింది. 2018లో 10 రోజుల్లోనే 300 గంటలకు పైగా జనం చేత మావోరీ భాషలో వాక్యాలు చదివించి రికార్డు చేసింది. ఆ గొంతులకు తాము యజమానులం కాదు, సంరక్షకులం అంటూ 'కైతియాకితాంగ' (సంరక్షణ బాధ్యత) లైసెన్సు రాసుకుంది. మావోరీలకు మేలు జరగని పనికి ఆ సమాచారం ఇవ్వరు. పంతం అనుకున్నా సరే, న్యాయమైన పంతం!

2024 మేలో కుదిరిన ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఒప్పందం పేటెంట్ దరఖాస్తులో జన్యువనరుల (మొక్కలు, జీవుల నుంచి తీసుకున్న పదార్థాల) మూలం చెప్పమంటుంది. పాటల ఊసు అందులో లేదు. ఎవరైనా వాడుకోనిచ్చే ఉచిత లైసెన్సులను ఆకాశానికెత్తే న్యాయశాస్త్ర ఆచార్యులు ముందు ఈ లోటు గురించి రాయాలి.

— ఒక పాఠకుడు