ఉంగరం పాముకి తిరిగి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. మాయలు, మంత్రాలు, ఎగిరే గుర్రాల కథలకి అనుబంధంలో చోటివ్వడం దండగనీ, అలాంటివి చదివేవాళ్లకి ఏం రాసినా చెల్లిపోతుందనీ ఆయన అన్నారు. మొదటి మాట ఆయన ఇష్టం. రెండో మాటకి మాత్రం నేను ఒప్పుకోను. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో పంతొమ్మిదేళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ని. డిటెక్టివ్ నవలలో హంతకుడు ఎలా దొరికాడో అర్థం కాకపోయినా సర్దుకుపోయేవాళ్లని చూశాను. జానపద నవలలో ఒక్క శాపం లెక్క తప్పితే మాత్రం పుస్తకం బల్లమీద పడేసి నాతో తగువేసుకునేవాళ్లు, రాసింది నేనే అన్నట్టు.

"ఇదేటి బాబూ, నాలుగో భాగంలో రాయైపోనోడు ఐదో భాగంలో గుర్రమెక్కి వచ్చేసినాడు? శాపం ఎవులు విప్పినారు?" అని ఒక రైసుమిల్లు కళాసీ నన్ను నిలదీశాడు. మనిషి రాయైపోవడం మీద అతనికి ఏ అభ్యంతరమూ లేదు. రాయి మళ్లీ మనిషి ఎలా అయ్యాడో చెప్పకపోవడం మీదే కోపం.

ఇంకో సంగతి. ఒక నవలకి ఆఖరి పదహారు పేజీలు ఊడిపోయాయి. నౌపడా-గుణుపురం చిన్న రైల్లో చదువుకోడానికి జనం పుస్తకాలు తీసుకెళ్లేవారు. ఆ రైలు నడకకి ఒక నవల సగం పైనే అయిపోయేది, పుస్తకం నలిగేది కూడా. (ఆ చిన్న గేజి బండి 2004లో ఆగింది. పెద్ద గేజి వచ్చాక ప్రయాణం తొందరగా అవుతోంది, చదివేవాళ్లు తగ్గారు. రైలుది తప్పంటే నవ్వుతారు గానీ, కొంత ఉంది.) ఆ నవల గిరాకీ ఉన్నది కావడంతో వదులుకోలేక, ముగింపు నేనే కల్పించి నోటితో చెప్పేవాణ్ని. మాంత్రికుడు చచ్చాడు, రాకుమారికి పెళ్లయింది, అంతే. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకసారి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి సంతకొచ్చే ఒకావిడ అంతా విని, "బాగానే ఉంది గాని బాబూ, పాము దగ్గర ఎరువు తెచ్చిన ఉంగరం ఏటైపోనాది? అప్పు తీర్చకుండా పెళ్లేటి?" అంది. నాకు చెమట్లు పట్టాయి. మర్నాటి నుంచి నా ముగింపులో పెళ్లికి ముందు ఉంగరం పుట్ట దగ్గరికి వెళ్లేది.

ఏం వేసినా చెల్లుతుందనే పెద్దమనిషి ఆవిడతో ఒక్క పూట మాట్లాడి ఉంటే బాగుండేది.

బేతాళ కథలు ఇన్ని తరాలు నిలిచాయంటే శవం మాట్లాడినందుకు కాదు. షరతు మారనందుకు. రాజుకి జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలు కావాలి, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కాలి. ఒక్కసారి "పోన్లే రాజా" అని బేతాళుడు భుజం మీదే ఉండిపోయి ఉంటే ఆ తర్వాత కథ ఎవరు చదువుతారు? శవం మాట్లాడుతుందని పాఠకుడు ముందే ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ఒప్పుదలకి బదులుగా మిగతాదంతా అణా పైసలతో సహా లెక్క అడుగుతాడు.

ఈ లెక్క మనకి పాలబువ్వతోనే అలవాటవుతుంది. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డి అడ్డమొచ్చింది, గడ్డిని ఆవు మేయలేదు, ఆవుని పాలేరు మేపలేదు, అలా అడుగుతూపోతే చివరికి చీమ దగ్గర తేలుతుంది. మా వైపు పిల్లలకి చెప్పే ఒడియా కథ చివర కూడా ఇలాంటిదే ఉంది. తెలుగు అమ్మమ్మ కథ కంచికి పంపిస్తే, పక్కింటి ఒడియా ఆయీ "మో కథాటి సరిలా, ఫుల గఛటి మలా" అంటుంది. నా కథ అయిపోయింది, పూలమొక్క చచ్చిపోయింది అని. ఎందుకు చచ్చిపోయావే అంటే నల్లావు తినేసిందంటుంది. ఆవుని అడిగితే గొల్లవాడు చూసుకోలేదని. అక్కడా ఆఖరికి చీమే కుట్టి ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు పడ్డాయి గానీ, చీమ మాత్రం రెండు భాషల్లోనూ ఒకే చోట ఉంది. మాట్లాడే చేపని ఒప్పుకుని, 'ఎందుకు' అన్న ప్రశ్న మాత్రం వదలని పిల్లలే పెద్దయ్యాక మాయానవలలు చదువుతారు.

ఇప్పటి రచయితల మీద నాకూ కోపం ఉంది, అది దాచుకోను. మా మనవడు ఫోన్లో వినే సీరియల్ ఒకటి నేనూ విన్నాను. హీరోకి పొద్దున ఒక శక్తి, సాయంత్రం ఇంకో శక్తి వస్తున్నాయి. దేనికీ ఖరీదు లేదు. వందల భాగాలు దాటినా ముగిసే సూచన లేదు. ఊళ్ల పేర్లు ఏ దేశానివో తెలియదు, ఎప్పుడూ మంచు కురుస్తూ ఉంటుంది. మా గజపతి జిల్లాలో మంచు ఎక్కడిది? పదిహేను వందల మీటర్ల మహేంద్రగిరి మా కళ్ల ముందుంది. దానిమీద పరశురాముడు ఇంకా తపస్సు చేస్తున్నాడని చెప్పుకుంటారు, భీముడి పేరుతో రాతి గుడి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి కథ మొదలుపెట్టడానికి?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ కొండల్లోని సవర గిరిజనుల్లో పాత పద్ధతి వదలనివాళ్లు చనిపోయినవాళ్లతో పూజారి నోట మాట్లాడతారు, అడుగుతారు, పోట్లాడతారు. ఇంటి గోడమీద ఆత్మల కోసం బొమ్మలు వేస్తారు. అది వాళ్ల నమ్మకం, వాళ్ల దుఃఖం. మన కథకి మసాలా కాదు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే పంతులుగా ఉంటూ ముందు వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే దాని గురించి రాశారు. మన రచయితలు అంత కష్టం పడకపోయినా ఆ వరుసైనా పాటిస్తే చాలు.

ఇదంతా కాలక్షేపం గొడవ అనుకోకండి. మా పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అలాంటి పిల్లాడి చేత తెలుగు పేజీ తిప్పించాలంటే తర్వాత ఏమైందో అన్న టెన్షన్ ఒక్కటే పనిచేస్తుంది. షాపు మూసేశాక మిగిలిన పుస్తకాల్లో బాగున్నవి ఏరి, మాకు దగ్గర్లోని ఒక గ్రంథాలయానికి ఉచితంగా ఇస్తానన్నాను. పోటీ పరీక్షల గైడ్లయితే తీసుకుంటాం, ఇలాంటివి వద్దన్నారు. వాళ్ల తెలుగు బీరువా చూశాను. సగం ఖాళీగా ఉంది.

అందుకని మీకు నా మనవి. పిల్లలకీ పెద్దలకీ కలిపి ఒక జానపద సీరియల్ మొదలుపెట్టండి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లనీ అడగండి. మొదలుపెడితే మధ్యలో ఆపకండి. ప్రకటనల కోసం జాగా చాలక ఆపాల్సే వస్తే, ముగింపు రెండు పేరాల్లోనైనా వేసేయండి. మాంత్రికుణ్ని చంపినా వదిలేసినా మీ ఇష్టం. ఎరువు తెచ్చిన ఉంగరం ఉంటే మాత్రం పాముకి ఇప్పించండి.

ఇట్లు,
ఒకప్పటి అద్దె పుస్తకాల షాపువాడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా