పాత టర్న్‌టేబుల్‌కు కార్ట్రిడ్జ్: ముందు చూడవలసింది టోన్ ఆర్మ్‌ను

సంపాదకులకు నమస్కారం.

పాత టర్న్‌టేబుళ్లను, అంటే రికార్డు ప్లేయర్లను, మళ్లీ వాడుకలోకి తెచ్చుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బెల్టు మార్చడం, బేరింగ్‌లో నూనె వేయడం వంటి విషయాల్లో అందులో చెప్పినవన్నీ సరైనవే. కార్ట్రిడ్జ్ (గాడిలో ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) దగ్గరికి వచ్చేసరికి మాత్రం, స్తోమత ఉన్నంతలో ఖరీదైన మూవింగ్ కాయిల్ (ముల్లుతో పాటు తీగచుట్ట కదిలే) రకాన్ని బిగించుకుంటే చాలన్నట్టు ఒక్క వాక్యంతో ముగించారు. ఆ సలహాను నమ్మి డబ్బు పెట్టినవారిలో చాలామందికి నిరాశే మిగులుతుంది. కొందరి విషయంలో రికార్డులు కూడా పాడవుతాయి. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

కార్ట్రిడ్జ్ ఎంత మంచిదైనా దాన్ని రికార్డు మీదుగా మోసే కడ్డీ, అంటే టోన్ ఆర్మ్‌తో కుదరకపోతే ప్రయోజనం లేదు. ముల్లును పట్టి ఉంచే సన్నని కాంటిలీవర్ లోపల ఒక చిన్న రబ్బరు ముక్కకు ఆని ఉంటుంది. ఆ రబ్బరు ఎంత తేలిగ్గా లొంగుతుందో తెలిపే అంకెను కంప్లయన్స్ అంటారు. ఇక ఆర్మ్‌ను కదిలించేటప్పుడు ముల్లు దగ్గర ఎంత బరువు ఉన్నట్టు తోస్తుందో అది ఎఫెక్టివ్ మాస్. స్ప్రింగుకు బరువు కట్టినప్పటిలాగే ఈ రెండూ కలిసి ఒకానొక వేగంతో ఊగుతాయి. ఆ ఊపు సుమారు 8 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊపులు) మధ్య ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే వంకర తిరిగిన రికార్డులోని ఎత్తుపల్లాలు, గదిలో నడిచేవారి అడుగుల అదురు దాన్ని రెచ్చగొడతాయి. మరీ పెరిగితే సంగీతంలోని అతి మంద్ర స్వరాలకు దగ్గరవుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్‌కు కార్ట్రిడ్జ్ బరువును, దాన్ని బిగించే మరల (స్క్రూల) బరువును కలిపి, ఆ మొత్తాన్ని కంప్లయన్స్‌తో హెచ్చవేసి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే హెర్ట్జ్‌లలో జవాబు వస్తుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ 12 గ్రాములు; ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ బరువు 7.2 గ్రాములు, కంప్లయన్స్ 20. మరలతో కలిపి 20 గ్రాములనుకుంటే జవాబు దాదాపు 8 హెర్ట్జ్, అంటే సరిపోతుంది. ఇదే లెక్కలో 20 గ్రాముల బరువైన పాత ఆర్మ్‌కు, కంప్లయన్స్ 30 ఉన్న 7 గ్రాముల కార్ట్రిడ్జ్‌ను తగిలిస్తే జవాబు ఆరు హెర్ట్జ్‌కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు జరిగేది కంటికే కనబడుతుంది. పాట మొదలుకాకముందే, ముల్లు ఖాళీ గాడిలో ఉండగానే, వూఫర్ (మంద్ర స్వరాల స్పీకర్) కోన్ చప్పుడు లేకుండా ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటుంది. కార్ట్రిడ్జ్‌ను పక్కనుంచి గమనిస్తే, రికార్డు వంపు దగ్గర దాని అడుగు భాగం గాడికి తాకేంతగా దిగి, ఆ వెంటనే ఎగసిపడుతుంది. ముల్లు గాడిని ఒకచోట గట్టిగా అదిమి, మరొకచోట పట్టు వదిలేస్తుంది. అది ఎంత ఖరీదైన కార్ట్రిడ్జ్ అయినా అంతే.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. జపాన్ తయారీదారులు చాలామంది కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ప్రకటిస్తారు. పై లెక్కకు కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. అది సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో రూపొందిన డెనాన్ డీఎల్-103 అనే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌కు ప్రకటించిన కంప్లయన్స్ 5 మాత్రమే. దాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఎస్‌ఎల్-1200 మీద 15 హెర్ట్జ్ దాటుతుంది. రెట్టింపు చేసి చూస్తే 11 దగ్గర కుదురుతుంది. ఈ సంగతి తెలియక మంచి జోడీని వదులుకునేవారూ ఉన్నారు. అయితే సన్నటి, తేలికైన పాత ఆర్మ్‌లకు డీఎల్-103 తగదు. దానికి ముల్లు మీద 2.5 గ్రాముల ఒత్తిడి కావాలి, బరువైన ఆర్మ్ కావాలి.

మూవింగ్ కాయిల్ అనగానే మరొక ఖర్చు కూడా తోడవుతుంది. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు, 2ఎం రెడ్ ఇచ్చేది 5.5. పాత యాంప్లిఫయర్లలో టర్న్‌టేబుల్ తగిలించే ఫోనో ఇన్‌పుట్ చాలావరకు మూవింగ్ మాగ్నెట్‌కు (2ఎం రెడ్‌లా ముల్లుతో పాటు అయస్కాంతం కదిలే రకానికి) తగ్గట్టు చేసినదే కనుక సంకేతాన్ని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ, వేరే ఫోనో స్టేజ్ గానీ కొనక తప్పదు. పైగా ముల్లు అరిగితే సాధారణంగా ఇంట్లో మార్చుకునే వీలుండదు.

నన్నడిగితే డబ్బు పెట్టవలసింది ముల్లు ఆకారం మీద. ఎల్‌పీ రికార్డు అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. లోపలి చివరికి చేరేసరికి ఆ వేగం 21కి తగ్గిపోతుంది. అంటే అదే స్వరం సగంకంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. గుండ్రని మొన ఆ ఇరుకు మలుపుల్లోకి పూర్తిగా దిగలేదు. రికార్డు ఒక పక్కలోని చివరి పాటలో గాయని పలికే ‘స’, ‘ష’ అక్షరాలు చీలినట్టు వినిపించడానికి ముఖ్య కారణం అదే. ఎలిప్టికల్ (కోలగా ఉండే) మొన కొంత మేలు. మైక్రోలీనియర్ వంటి సన్నని అంచు గల ముల్లు ఎంతో మేలు. ఆడియో-టెక్నికా తన ఎలిప్టికల్ ముల్లుకు 300 గంటలు, మైక్రోలీనియర్‌కు 1000 గంటలు ఆయుష్షు చెబుతుంది. ఆ సంస్థ వీఎం95 వరుసలో ఒకే కార్ట్రిడ్జ్ ఒంటికి వేరువేరు ముళ్లను చేత్తోనే మార్చుకోవచ్చు. 2ఎం రెడ్ ఒంటికి 2ఎం బ్లూ ముల్లు సరిపోతుంది. కాబట్టి మామూలు ముల్లుతో మొదలుపెట్టి, ఆర్మ్ సక్రమంగా ఉందని తేలాక మెరుగైన ముల్లు కొనుక్కోవచ్చు. ఈ సదుపాయం గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను నిజంగా బాధించింది.

మూవింగ్ మాగ్నెట్‌కు యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో 47 కిలో ఓముల లోడ్ (నిరోధం)తో పాటు కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిలవచేసే గుణం) కూడా చూసుకోవాలి. వీఎం95కు కేబుల్‌తో కలిపి 100 నుంచి 200 పికోఫారడ్లు తగినవి. పాత కేబుల్, పాత యాంప్లిఫయర్ కలిసి అంతకు మించితే తార స్వరాలు మొనదేలి గీసినట్టు వినిపిస్తాయి. షూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానేసిన తర్వాత, డబ్బా విప్పని పాత సరుకు మీద మోజు పెరిగింది. దశాబ్దాలు నిలవున్న రబ్బరు వాడకపోయినా గట్టిపడవచ్చు కనుక అలాంటి వాటితో జాగ్రత్త అవసరం.

అయస్కాంతం వాడని సిరామిక్ కార్ట్రిడ్జ్‌తో వచ్చిన ప్లేయర్ల ఆర్మ్‌లు చాలావరకు ఐదారు గ్రాముల ఒత్తిడికి చేసినవి. వాటికి అయస్కాంత రకం తగిలించే ఆలోచన మానుకోవడమే మంచిది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు ఎల్‌పీ ముల్లు పనికిరాదు, వాటి వెడల్పు గాడికి వేరే ముల్లు కావాలి.

బిగించేటప్పుడు తెలుపు, నీలం తీగలు ఎడమ చానల్‌వి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. పాత తీగల చివరి క్లిప్పులు పెళుసుగా ఉంటాయి కనుక తీగను లాగకుండా క్లిప్పునే ట్వీజర్‌తో పట్టుకోవాలి. క్లిప్పు ఊడితే అతుకు పని (సోల్డరింగ్) తీగను కార్ట్రిడ్జ్ నుంచి విడదీసిన తర్వాతే చేయాలి. పిన్ను మీద వేడి పెడితే లోపలి కాయిల్ తెగిపోవచ్చు.

ఇకమీదట ఈ విషయమై వ్యాసాలు ప్రచురించేటప్పుడు ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్ బరువు, కంప్లయన్స్, దాన్ని ఏ హెర్ట్జ్ దగ్గర కొలిచారన్న వివరం, ఈ నాలుగు అంకెలను తప్పకుండా వేయించవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసానికి సవరణగా తదుపరి సంచికలోనే వాటిని ఇవ్వగలిగితే, ఇప్పటికే కొనుగోలుకు సిద్ధపడుతున్న పాఠకులకు సకాలంలో అందుతాయి.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాఠకుడు