నాన్న నీళ్ల లెక్క రాసిన సిస్టర్లకు దండాలు

నాన్న డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చేశారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను గానీ, నిజానికి ఈ పోస్టు గుంటూరులో ఆయన్ని చూసుకున్న ఐసీయూ సిస్టర్ల కోసం. పేర్లు, ఆసుపత్రి పేరు పెట్టొద్దని వాళ్లే అన్నారు, అందుకే పెట్టట్లేదు.

సంగతి తెలియనివాళ్లకు: నాన్నకు 74 ఏళ్లు. బీపీకి వేసుకునే మాత్రలో థయాజైడ్ అనే మందు ఉంది, అది మూత్రంతో పాటు సోడియాన్నీ పంపించేస్తుంది. దానికి తోడు మండుటెండలు, వాంతులు, బీపీ అని చప్పిడి తిండి, పైగా వడదెబ్బ తగలకూడదని చెంబులకు చెంబులు మంచినీళ్లు. మాట తడబడుతూ, నన్ను పట్టుకుని బాబాయి పేరుతో పిలుస్తుంటే పక్షవాతమేమో అని పరుగెత్తాం. స్కాన్‌లో ఏమీ లేదు. రక్తపరీక్షలో సోడియం 112. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య. పొటాషియం కూడా తక్కువే.

తగ్గిందాన్ని ఎక్కించేస్తే అయిపోతుంది కదా అని మా బావ అడిగితే డాక్టరు గారు చాలా ఓపిగ్గా చెప్పారు. సోడియం ఇంత పడిపోయి కొన్ని రోజులైన మనిషికి దాన్ని గబగబా పెంచితే మెదడులో నరాల మీది పొర దెబ్బతింటుందట, మాట, మింగడం, కాళ్లూ చేతులూ పోవచ్చు, అదీ వెంటనే కాదు, కొన్ని రోజులు పోయాక బయటపడుతుంది. అందుకే 24 గంటల్లో 8 పాయింట్లు దాటనివ్వొద్దని కేస్ షీట్ మీద రాసి వెళ్లారు. రాసి వెళ్లడం ఒక ఎత్తు, రాత్రంతా దాన్ని కాపలా కాయడం ఇంకో ఎత్తు, ఆ రెండోది సిస్టర్లు చేశారు.

మూడు శాతం ఉప్పున్న సెలైన్ పంపు మీద చాలా నెమ్మదిగా ఎక్కుతోంది. నైట్ డ్యూటీ సిస్టర్ గంటగంటకీ వచ్చి నాన్నని పేరు, ఊరు అడగడం, చెయ్యి నొక్కమనడం, కింద వంగి యూరిన్ బ్యాగ్ ముందున్న చిన్న డబ్బాలో గీతలు చూసి చార్ట్‌లో రాసుకోవడం. గంటకు 60, 70 మిల్లీలీటర్లు వస్తుండేది. తెల్లవారుజామున ఒక గంటకి 400 దాటింది, రంగు కూడా పోయి మంచినీళ్లలా ఉంది. నాకైతే సంతోషమేసింది, కిడ్నీలు భలే పనిచేస్తున్నాయని. ఆ అమ్మాయి ముఖం మాత్రం మారిపోయింది. ఒంట్లో నీళ్లు ఒక్కసారిగా బయటికి పోతుంటే లోపల సోడియం దానంతటదే దూసుకుపోతుందని అప్పుడే చెప్పింది, చెబుతూనే డాక్టర్‌కి ఫోన్ చేసింది, ఆయన చెప్పగానే పంపు ఆపింది, బ్లడ్ తీసి ల్యాబ్‌కి పంపింది. రిపోర్ట్ వచ్చేసరికి 119, అంటే ఏడు పాయింట్లు అప్పటికే పెరిగాయి, రోజు ఇంకా పూర్తికాలేదు. తర్వాత గ్లూకోజ్ బాటిల్ పెట్టి, మూత్రం తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి అక్కడ పట్టి ఆపారు. ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ గారు చార్ట్ చూసి ఆ సిస్టర్ని మా ముందే మెచ్చుకున్నారు, నాకు అదే బాగా నచ్చింది.

పొటాషియం ఎక్కించేటప్పుడు ఇంకో సిస్టర్ని పిలిచి ఇద్దరూ కలిసి చీటీ, బాటిల్ సరిచూసుకునేవారు. దాన్ని నేరుగా నరంలోకి కొడితే గుండె ఆగిపోతుంది, ఎప్పుడైనా కలిపి నెమ్మదిగానే ఎక్కించాలి అన్నారు. చెయ్యి మంటగా ఉందని నాన్న గొణిగితే విసుక్కోకుండా స్పీడు తగ్గించి, నరం వాచిందేమో చూసేవారు.

వార్డుకి మార్చాక ఇంకో యుద్ధం. ఒంట్లో నీళ్లు ఎక్కువైతే సోడియం మళ్లీ పలచబడిపోతుందని, నీళ్లు రోజుకి ఒక లీటరే అన్నారు. మా చుట్టాలేమో కొబ్బరి బోండాలతో దిగారు. అందులో పొటాషియం ఎక్కువ గానీ సోడియం తక్కువే, ఈయన లెక్కలో అది కూడా నీళ్లే, "మీరే తాగండి పెద్దాయనా, ఎండన పడి వచ్చారు" అని మా పెదనాన్నకే తాగించింది హెడ్ సిస్టర్! అమ్మకి ఒక స్టీలు గ్లాసు ఇచ్చి, ఇది 200, కాఫీ, మజ్జిగ, చారు, మాత్ర వేసుకునే గుక్కెడు నీళ్లు కూడా రాయాలమ్మా అని చెప్పింది. అమ్మ నా పాత డైరీలో చారు 50, కాఫీ 100 అని పాలవాడి ఖాతాలా రాసింది. పొద్దున్నే అదే టైముకి బరువు చూసేవారు, రాత్రికి రాత్రి కిలో మారితే అది కండ కాదు, ఇంచుమించు లీటరు నీళ్లని.

రాత్రిపూట శాంపిళ్లు పట్టుకుని మెట్లెక్కి దిగిన ల్యాబ్ తమ్ముడికి, బెడ్ దొరికేలా చూసిన మా ఊరి అంబులెన్స్ అన్నకి కూడా థాంక్స్. మీ ఇళ్లలో పెద్దవాళ్లు బీపీ మాత్రలు వాడుతూ ఉన్నట్టుండి మత్తుగా, తికమకగా ఉంటే వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా సోడియం, పొటాషియం చూపించండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, నాన్నకి కూడా డాక్టరే మార్చారు.

నిన్నటి రిపోర్ట్‌లో సోడియం 136 సిస్టర్. సోమవారం రివ్యూకి వస్తున్నాం, అమ్మ సున్నుండలు చేస్తోంది, మీది ఆ రోజు పగలు డ్యూటీయో రాత్రి డ్యూటీయో ఎవరైనా కాస్త చెప్పండి.