టెంప్లేట్లను ముందే కంపైల్ చేయడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

వెబ్ పేజీల తయారీ నేర్పే వ్యాసాలు చాలావరకు హ్యాండిల్‌బార్స్ (ఖాళీలున్న పేజీ నమూనాలో, అంటే టెంప్లేటులో, డేటా నింపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) టెంప్లేటును బ్రౌజర్‌లోనే కంపైల్ చేయించి, అంటే జావాస్క్రిప్ట్ కోడుగా మార్పించి, ఊరుకుంటున్నాయి. నేర్చుకోవడానికి అది తేలికే. అదే కోడు అసలు సైటుకు ఎక్కితే మాత్రం పేజీ చూసేవారి ఫోను కంపైలర్‌ను కూడా దించుకోవాలి, తెరిచిన ప్రతిసారీ అదే పని మళ్లీ చేయాలి. పైగా అక్షరాలను కోడుగా మార్చి నడపాలి కాబట్టి, కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో (పేజీలో ఏ కోడు నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పే భద్రతా నియమాల్లో) అలా నడపనిచ్చే ‘అన్‌సేఫ్ ఈవాల్’ను అనుమతించక తప్పదు. ఈ నష్టం చిన్నది కాదు. గ్రంట్‌తో (ఇలాంటి పనులను దానంతటదే చేసిపెట్టే సాధనం) ముందే కంపైల్ చేసే పద్ధతిని మీ సాంకేతిక పేజీలో వివరంగా రాయించండి.

గ్రంట్‌నూ, దాని హ్యాండిల్‌బార్స్ ప్లగిన్‌నూ ఎన్‌పీఎంతో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే సాధనం) చేర్చి, గ్రంట్ సెట్టింగులుండే గ్రంట్‌ఫైల్‌లో ప్లగిన్‌ను లోడ్ చేసి, టెంప్లేట్ల ఫోల్డరు, ఫలితం రాయాల్సిన జావాస్క్రిప్ట్ ఫైలు పేరు ఇస్తే చాలు. పేజీలో ముందు రన్‌టైమ్ (కంపైలైన టెంప్లేట్లను నడిపే హ్యాండిల్‌బార్స్ ఫైలు), తర్వాత ఈ ఫైలు రావాలి.

తడబడేది ఎక్కువగా పేర్ల దగ్గరే. టెంప్లేట్లన్నీ ‘జేఎస్‌టీ’ అనే ఆబ్జెక్టులో చేరతాయి, కానీ ఒక్కోదాని పేరు ఫోల్డరు దారితో, ఎక్స్‌టెన్షన్‌తో సహా ఉంటుంది. ఉత్త ఫైలు పేరుతో పిలిస్తే ‘అన్‌డిఫైన్డ్’ అని వస్తుంది. ‘ప్రాసెస్‌నేమ్’ ఆప్షన్‌లో దారిని కత్తిరిస్తే సరి. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లు పార్షియల్స్ (వేరే టెంప్లేట్లలో చేర్చుకునే ముక్కలు) అవుతాయి. వీటికి మాత్రం ప్లగిన్ తనే దారి తీసేస్తుంది. అందుకే రెండు ఫోల్డర్లలో ఒకే పేరున్న పార్షియల్స్ ఉంటే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఇది పట్టుకోవడం చాలా కష్టం.

రెండో చిక్కు వెర్షన్లది. ప్లగిన్ వాడే హ్యాండిల్‌బార్స్ ఒకటి, పేజీలోని రన్‌టైమ్ మరొకటి అయి, రెండూ పొసగకపోతే, పాత వెర్షన్‌తో కంపైల్ అయిందనో కొత్తదానితో అయిందనో చెప్పి టెంప్లేటు ఆగిపోతుంది. రన్‌టైమ్‌ను వేరే చోటినుంచి తెచ్చుకోకుండా, ప్లగిన్ వాడే ప్యాకేజీ నుంచే కాపీ చేయించడం మంచిది. హెల్పర్లు (టెంప్లేటులోంచి పిలిచే మన ఫంక్షన్లు) కంపైలైన ఫైలులోకి రావు, టెంప్లేటును పిలవకముందే వాటిని బ్రౌజర్‌లో రిజిస్టర్ చేయాలి.

పగ్ అనే మరో టెంప్లేట్ భాషతో నేరుగా హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు తీసేవారు ఇంకొకటి చూసుకోవాలి. మారిన ఫైళ్లనే కంపైల్ చేసే గ్రంట్-న్యూయర్ ప్లగిన్ ఒక్కో పేజీ సోర్సునూ దాని ఫలితాన్నీ మాత్రమే పోలుస్తుంది. లేఅవుట్ ఫైలు (పలు పేజీలు పంచుకునే చట్రం) దిద్దినా, దాన్ని వాడే పేజీలు పాతగానే మిగిలిపోతాయి. లేఅవుట్ల ఫోల్డరుకు వాచ్‌లో (ఫైలు మారగానే పని నడిపే గ్రంట్ ప్లగిన్) విడిగా ఒక టార్గెట్ పెట్టి, న్యూయర్ లేకుండా అన్ని పేజీలనూ కంపైల్ చేయించాలి.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్